పాస్టరు విడిచిన కుబుసాలు

టప్పర్ వాగు, జార్జియా
1962 అక్టోబరు 21

వెండెల్‌కు,

నీ ఉత్తరాలు మూడూ అందాయి. మొదటి రెండూ విప్పలేదు. మూడోదాన్ని టపా తెచ్చే క్రోలీ నా చేతికిచ్చి అక్కడే నిలబడ్డాడు. "నువ్వు విప్పేదాకా కదలను ఆస్బరీ. బండి ఇంజను ఆడుతూనే ఉంది. కాలే పెట్రోలు పాపం నీదే" అన్నాడు. ఆ పెట్రోలు మాట నా గుమ్మంలో ఎత్తొద్దన్నాను. వాడు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. విప్పాను.

అక్షరాలు చీమల బారులా రాస్తున్నావు. పెద్దవిగా రాయి. ఇక్కడ దీపం బాగాలేదు.

ఎలా ఉన్నావని అడిగావు. ఉన్నాను. ఆవు పాలిస్తోంది. గోడ గడియారానికి తాళం ఇచ్చేది మీ వదిన. అది ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో నేను చూడలేదు. మొన్న కాఫీలో చక్కెర బదులు ఉప్పు వేసుకున్నానని గిన్నె కడిగేటప్పుడు తెలిసింది, తాగేటప్పుడు తెలియలేదు.

సమాధి దగ్గర నేనన్న మాట సరిగ్గా విన్నావో లేదో మళ్ళీ రాయమన్నావు. సరిగ్గానే విన్నావు. పోయిన జనవరిలో పాముల పోటీ కోసం నా ఉత్తరపు పొలంలో పాములు బయటికి రావాలని తాబేలు బొరియల్లోకి గొట్టం దూర్చి పెట్రోలు పోశావు. మీ వదిన చలిలో కంచె దాకా వచ్చి మొత్తుకుంది. "ఒరే వెండెల్, ఆ బొరియల్లో గిలకపాములే ఉంటాయనుకున్నావా? పాస్టరు కూడా చలికి అక్కడే దూరతాడురా" అంది. నువ్వు నవ్వావు. తొమ్మిది గిలకపాములు పట్టావు, కప్పు గెలిచావు. ఈ ఏడు మన మొక్కజొన్న కొట్టులో పాస్టరు లేడు. ఎలుకలు పెరిగాయి. ఎలుకల వెంట గిలకపాము వచ్చింది. ఆగస్టు తొమ్మిదిన మీ వదిన మొక్కజొన్న పొత్తుల్లో చెయ్యి పెట్టిన చోట అది ఉంది. నేను చెప్పింది ఇదే. పోయేముందు ఆమె కూడా ఇదే అంది.

ఇందులో పామేమిటి, పాస్టరేమిటి అని నీ పెళ్ళాం నాడీన్ అడిగిందని రాశావు. టౌనులో పుట్టిన మనిషి, ఆమెకేం తెలుస్తుంది. చెప్పు. రాజపాము. ఐదడుగుల నల్లటి ఒళ్ళు, దాని మీద తెల్ల గొలుసు పరిచినట్టు గీతలు. విషం లేదు. తోకతో గిలక ఆడించే గిలకపాము విషం దానికి ఎక్కదు. గిలకపామును పట్టి, చుట్టేసి, ఊపిరి ఆపి, తల వైపు నుంచి మింగుతుంది. మనిషిని చూస్తే కోరలు చూపే గిలకపాము, రాజపాము వాసన తగిలితే కరవడం మాట మరిచిపోతుంది. తల నేలకు దాచుకుని, నడుము విల్లులా ఎత్తి దానితోనే కొట్టబోతుంది. నా జన్మలో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ రాజపామే గెలిచింది. అందుకే మన వైపు రాజపాము కొట్టులో చేరితే ఎవరూ వెళ్ళగొట్టరు.

నల్లకోటు వేసుకుని, చెప్పాపెట్టకుండా వచ్చి, కోడిగుడ్లు తిని పోతాడని మీ వదినే దానికి పాస్టరని పేరు పెట్టింది. అసలు పాస్టరు మా ఇంటికి భోజనానికి వచ్చిన రోజున, "రాత్రి మన పాస్టరు రెండు ఎలుకల్ని మింగాడయ్యా" అని నాతో అనేసింది. ఆయన చెంచా కింద పెట్టాడు.

ఇంక రాయడానికి ఏమీ లేదు.

ఆస్బరీ టిల్మన్


డన్నవే
1962 నవంబరు 18

ప్రియమైన అన్నయ్యకు,

పెద్ద అక్షరాలతోనే రాస్తున్నాను. ఒక్కో కాగితంలో పది వరసలే పడుతున్నాయి. నాడీన్ చూసి, "గోడ మీద అంటించే నోటీసా?" అంది.

నువ్వు జవాబు రాసినందుకు సంతోషం. అందులో ఉన్నదానికి కాదు, రాసినందుకు.

పెట్రోలు గొట్టాన్ని ముక్కలు కోసి సామిల్లు బాయిలరులో వేశాను. కప్పు కూడా వేద్దామనుకుంటే ఫోర్‌మన్ లాక్కుని, "ఒరే పిచ్చోడా, రేకు కాలదురా" అన్నాడు. ఇప్పుడు అందులో వాళ్ళావిడ ఉల్లిగడ్డ నాటిందట.

అన్నయ్యా, అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు. మరుసటి ఏడు వదిన కాపురానికి వచ్చింది. వచ్చిన రోజే పెళ్ళిగౌను విప్పకుండా నా తలకు కిరసనాయిలు రాసి పేలు దువ్విందని నువ్వే వంద మందికి చెప్పి నవ్వించేవాడివి. నాకు చదువు వచ్చిందంటే ఆమె వల్ల. పాములు తెలిశాయంటే నీ వల్ల. ఆ బొరియ దగ్గర నేను నవ్విన నవ్వు నాకు వినపడుతూనే ఉంది. ఆదివారం నాడీన్ చర్చి లోపలికి వెళ్తుంది. నేను మెట్ల దగ్గర ఆగిపోతున్నాను. లోపలికి వెళ్ళి ఏమని అడగాలో తెలియడం లేదు.

ఒక పని చేశాను, కోప్పడకు. సెప్టెంబరు చివర్లో నది గట్టున, తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుకలో తిరిగి రెండు రాజపాముల్ని పట్టాను. చేతికి చుట్టుకుని ఒళ్ళంతా కంపు కొట్టించాయి, కరవలేదు. వేసవి వచ్చాక నీ కొట్టులో వదులుదామని రెండింటినీ ఒకే పీపాలో వేశాను. మర్నాడు చూస్తే ఒకటే ఉంది, లావుగా. తమ జాతినే తింటాయని నాకు తెలుసు. నువ్వే చెప్పావు. తెలిసి కూడా వేశాను. ఈమధ్య నా పనులన్నీ ఇలాగే ఉన్నాయి. మిగిలిందాన్ని పొట్టులో పెట్టి చలికి పడుకోబెట్టాను. తేనా?

నాడీన్ వదిన కుట్టుపెట్టె అడుగుతోంది. నీకు పనికిరాదనుకుంటే ఇవ్వు.

ఒక్కటే అడుగుతాను, దీనికి మాత్రం జవాబు రాయి. నా పెట్రోలు వల్లే చచ్చిపోతున్నానని వదిన నిజంగా అందా? జూలైలో క్రోలీ చేత నాకు అంజూరు జాము పంపింది. మూతకు గుడ్డ కట్టి, దాని మీద నా పేరు రాసింది. కోపం ఉన్న మనిషి జాము పంపుతుందా? అందో లేదో ఒక్క ముక్క రాస్తే చాలు. అందని రాసినా సరే, భరిస్తాను. తెలియకుండా ఉండటం చేతకావడం లేదు.

నీ తమ్ముడు
వెండెల్


టప్పర్ వాగు
1962 డిసెంబరు 9

వెండెల్‌కు,

పాము తేవద్దు. నా కొట్టుకు ఏం కావాలో నాకు తెలుసు. ఈ కౌంటీలో అరవై ఏళ్ళుగా పామును చూసి తప్పు చెప్పనివాడు ఒక్కడే ఉన్నాడు. విషమున్న చిన్న పగడపు పాముకీ, దాని రంగులే వేసుకు తిరిగే ఎర్ర రాజపాముకీ తేడా చెప్పమని షెరీఫు నా దగ్గరికే సీసా పట్టుకొచ్చాడు. నాకు నువ్వు పాము తెస్తావా.

కుట్టుపెట్టె క్రోలీ చేతికి ఇస్తున్నాను. లోపల ఏముందో నేను చూడలేదు.

ఎలా జరిగిందని మీ వైపు వాళ్ళు అడుగుతున్నారన్నావు నీ మూడో ఉత్తరంలో. రాస్తున్నాను, మళ్ళీ అడగొద్దు. కోళ్ళకు గింజలు తేవడం మొదటినుంచీ నా పని. పొద్దున్నే కొట్టుకు పోయి, గంపెడు పొత్తులు తెచ్చి, మెట్ల మీద కూర్చుని ఒలిచేవాడిని. ఈ ఏడు జూన్‌లో మీ వదిన, "ఏమయ్యా, నువ్వు ఆవును చూసుకో, గంప నేను తెస్తా" అంది. నడుము నొప్పి మనిషి. ఎందుకు అంది నేను అడగలేదు. ఆడవాళ్ళకు ఒక్కోసారి ఏదో తోస్తుంది. ఆగస్టు తొమ్మిదిన ఆవు దగ్గర ఉండగా గంప పడ్డ చప్పుడైంది. అరవలేదు. కుడి మణికట్టు పట్టుకుని కొట్టు బయటికి వచ్చి నిలబడింది. "గిలక ఆడించలేదయ్యా" అంది. పక్క పొలం వాళ్ళ ట్రక్కులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మర్నాడు చీకటి పడే వేళకు పోయింది. ఇంటికొచ్చి పామును చంపాను. ఐదున్నర అడుగులు. దాన్ని చంపితే ఏమీ అనిపించలేదు. ఇప్పుడూ ఏమీ అనిపించడం లేదు. చెయ్యి మీద ఎక్కువసేపు పడుకుంటే ఆ చెయ్యి మనది కానట్టుంటుందే, ఒళ్ళంతా అలా ఉంది. మన చర్చి ఆడవాళ్ళు కూరలూ రొట్టెలూ పెడుతున్నారు. తింటున్నాను. గిన్నె ఎవరిదో గుర్తుండక కలిపేస్తున్నాను. వాళ్ళలో వాళ్ళే పోట్లాడుకుని పట్టుకుపోతున్నారు.

నువ్వడిగిన ఆ ఒక్క ముక్కకు జవాబు సమాధి దగ్గరే చెప్పాను. మళ్ళీ అడగకు.

ఇంకా పెద్దవిగా రాయి.

ఆస్బరీ టిల్మన్


డన్నవే
1963 ఫిబ్రవరి 24

ప్రియమైన అన్నయ్యకు,

క్రిస్మస్‌కి రాసింది అందిందో లేదో. జనవరిలో రాసింది కూడా. నువ్వు పలకలేదు.

ఈ ఏడు పాముల పోటీకి వెళ్ళాను, ఆడటానికి కాదు. బొరియల్లో పెట్రోలు పోయొద్దని గేటు దగ్గర నిలబడి చెప్పాను. "పోయినేడు కప్పెత్తుకుని ఫోటో దిగింది నువ్వు కాదట్రా?" అన్నారు. నేనే అన్నాను. "మరి నీకేమైంది, బాప్తిస్మం తీసుకున్నావా?" అన్నారు. ఒకడు బీరు చల్లాడు. నిలబడ్డాను. సాయంత్రం దాకా.

అన్నయ్యా, ఇది చదివేటప్పుడు కూర్చుని చదువు. నాడీన్ కుట్టుపెట్టెను ఇన్నాళ్ళూ వాడలేదు. నిన్న బొత్తాముల కోసం అడుగు అర తీసింది. అరుపు విని పరిగెత్తాను. అర నిండా పాము కుబుసాలు. చుట్టి, దారం కట్టి, ఒక్కోదానికి ఒక చీటీ గుండుసూదితో గుచ్చి ఉంది. తొమ్మిది. వెలుగుకు పట్టి చూస్తే గొలుసు గీతలు లీలగా కనిపిస్తున్నాయి. పాస్టరువి. ఏడాదికి ఒకటి చొప్పున వదిన దాచింది. నీకు తెలుసా?

మొదటి చీటీ మీద "1954 ఏప్రిల్ 20, కొట్టు గడప కింద" అని ఉంది. మధ్యలో ఒకదాని మీద "1959, సగమే దొరికింది, కోళ్ళు పొడిచాయి" అని ఉంది. ఆఖరి చీటీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"1962 మే 12. కొట్టులో, పై మెట్టు మీద. చిరగకుండా వచ్చింది. ఇంకా తడి ఉంది."

నేను పెట్రోలు పోసింది జనవరి 20న. మే పన్నెండుకు పాస్టరు బతికే ఉన్నాడు. కొట్టులోనే ఉన్నాడు. ఆ సంగతి వదినకు తెలుసు. తెలిసిన మనిషి నా పెట్రోలు వల్ల అని ఎలా అంటుంది?

ఆ చీటీ వెనకవైపు ఇంకో ముక్క ఉంది. అది నాకు అర్థం కాలేదు. "ఇదే ఆఖరు. జూన్ 5" అని రాసింది.

జూన్ 5న ఏమైంది అన్నయ్యా? నీ మీద నేరం మోపడం లేదు. ఏడు నెలలుగా నేను చంపానని లేచి, నేను చంపానని పడుకుంటున్నాను. నేను చంపలేదంటే అదైనా తెలియాలి. ఈసారీ పలకకపోతే ఇంక రాయను. ఆ వైపు రాను కూడా. అది కోపంతో కాదు. నావల్ల కావడం లేదు.

నీ తమ్ముడు
వెండెల్


టప్పర్ వాగు
1963 మార్చి 17

ప్రియమైన వెండెల్,

నీ ఉత్తరం క్రోలీ చేత చదివించుకున్నాను, మునుపటివి కూడా. నా కళ్ళు పోయాయి. ముందు ఈ మాట రాస్తే మిగతాది రాయగలను. ఎడమది మూడేళ్ళ కింద పోయింది. కుడిదానిలో పొగ పట్టినట్టుంటుంది. నువ్వు నోటీసులా రాసినా నాకు కాగితం మీద గీతలే. క్రోలీ చదువుతూ చదువుతూ జూన్ 5 దగ్గర ఆగి నా మొహం చూశాడు. "మిగతాది కూడా చదువు" అన్నాను. చదివి, బండెక్కకుండా అరగంట మెట్ల మీద కూర్చున్నాడు. ఆ సంగతి ఇప్పుడు వాడికీ తెలుసు. తెలియనీ.

ఇది వడ్రంగి పెన్సిలుతో రాస్తున్నాను. నాలుగు రోజులు పట్టింది. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే నాడీన్ చేత చదివించుకో. ఆమెకీ తెలియాలి.

పాస్టరును చంపింది నేను.

జూన్ 5 పొద్దున కొట్టుకు పోయాను. లోపల మసక. గంప నింపడానికి వంగితే ఎండు తొక్కల్లో గలగలమంది. రాజపాము కూడా భయపడితే తోక ఆడిస్తుంది. తోకలో గిలక ఉండదు, కింద ఎండు ఆకు ఉంటేనే చప్పుడవుతుంది. నిజం గిలక చప్పుడు సన్నగా, ఆగకుండా సాగుతుంది. ఇది ఆగి ఆగి వచ్చింది. ఆ తేడా నాకు పదేళ్ళప్పుడే తెలుసు. నీకు నేర్పింది నేనే. ఆ రోజు విన్నాను, తేడా కూడా విన్నాను. కానీ కంటికి లావుగా, నల్లగా చుట్ట తప్ప ఏమీ కనపడలేదు. చూడలేనివాడికి భయం ఎక్కువ. పారతో కొట్టాను. మూడుసార్లు.

పార మీద ఎత్తి ఎండలోకి తెచ్చి, మొహం దగ్గర పెట్టుకుని చూశాను. గొలుసు. పాస్టరు.

పాస్టరు మగవాడు కాడు వెండెల్. తెగిన చోట గుడ్లు ఉన్నాయి. తెల్లగా, పొడుగ్గా, ఇంకా మెత్తగా. వేలితో లెక్కపెట్టాను, పదకొండు. నెలాగితే పుచ్చు దుంగలో ఎక్కడో పెట్టేది. తొమ్మిదేళ్ళు మేం దాన్ని వాడూ వాడూ అన్నాం.

దొడ్డి వెనక పాతిపెట్టాను. పార కడిగాను. నేను పెళ్ళైనప్పటినుంచి ఒక్కసారి కూడా పార కడిగినవాణ్ణి కాదు. అది తెలిసిన మనిషి ఒక్కతే. కడిగి, తలుపుకు ఆనించి, లోపలికి వెళ్ళాను.

వారం పోయాక మీ వదిన రొట్టెపిండి కలుపుతూ, "ఏమయ్యా, పాస్టరు కనపడడం లేదేం?" అంది.

"మీ వెండెల్ పోసిన పెట్రోలుకు చచ్చి ఉంటాడు" అన్నాను.

"అంతేనంటావా?" అంది. నా వైపు చూసింది. ఎలా చూసిందో నాకు కనపడలేదు. పిండి కలపడం ఆపలేదు.

మే పన్నెండు కుబుసం పెట్టెలో పెట్టుకుని ఆ మాట అడిగింది. నేను అబద్ధం చెప్తున్నానని నా నోట్లోంచి రాకముందే ఆమెకు తెలుసు. ఎందుకు చెప్తున్నానో కూడా తెలుసు. పామును చూసి తప్పు చెప్పనివాడినని నేను చర్చి ముందు, దుకాణాల ముందు, అందరి ముందు అన్న మాటలు ఆమె వినని రోజు లేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి పోదామని రెండేళ్ళు పోరింది. "నా కళ్ళకు ఏం రోగమే, నీ నోటికే రోగం" అనేవాడిని.

జూన్ 6న ఆమె గంప తీసుకుంది.

ఇది నేను ఇన్నాళ్ళూ చూడలేదు. నువ్వు చీటీ చదివి రాసేదాకా నాకు తట్టలేదు. ఆమెకు ఏదో తోచిందని నీకు రాశాను కదా. తోచింది ఇదే. గుడ్డివాడు కొట్టులో చెయ్యి పెట్టకూడదని. పాస్టరు లేని కొట్టులో ఏం చేరుతుందో ఆమెకు తెలుసు. నన్నేమీ అనకుండా, నా పని నానుంచి తీసుకుంది. రెండు నెలలు. నడుము పట్టుకుని పోయేది. నేను ఆవు దగ్గర కూర్చుని, సుఖంగా ఉందనుకునేవాడిని.

నీ ఒక్క ముక్కకు జవాబు. అనలేదు. ఆమె నీ పెట్రోలు మాట ఎత్తలేదు. ఆసుపత్రిలో చివరి సాయంత్రం ఆమె అన్నవి రెండు మాటలు. "బల్ల కింద అంజూరు జాము ఇంకో రెండు సీసాలున్నాయి, వెండెల్‌కు పంపు" అంది. నేను పంపలేదు. అక్కడే ఉన్నాయి. రెండోది, "దీపం లేకుండా కొట్టులోకి పోకు" అంది. విషం తలకెక్కి ఏదో అంటోందనుకున్నాను. నర్సుతో కూడా అదే అన్నాను.

సమాధి దగ్గర ఆమె పేరు పెట్టి నేనన్నది అబద్ధం. నువ్వు మట్టి పట్టుకుని నిలబడి ఉన్నావు. ఎవడో ఒకడి మీద వెయ్యకపోతే నా మీద పడుతుంది. నువ్వు దగ్గరగా ఉన్నావు, నీ మీద వేశాను. బొరియల్లో పెట్రోలు పోయడం తప్పే. ఎందరు పాస్టర్లను చంపావో నీకూ తెలియదు, నాకూ తెలియదు. కానీ మీ వదినను నువ్వు చంపలేదు. ఈ ముక్క చించి జేబులో పెట్టుకో. చర్చిలోపలికి పోవాలంటే పో.

క్షమించమని అడగడం నాకు రాదు. నేర్చుకునే వయసు కాదు. క్రోలీ, "ఇది రాశాక గుండె తేలికవుతుంది ఆస్బరీ" అన్నాడు. కాలేదు. ఏడుపు కూడా రాలేదు. పొయ్యి మీద నీళ్ళు పెట్టి మరిచిపోయాను, గిన్నె మాడింది. ఆ వాసన కూడా క్రోలీయే చెప్పాడు.

చలి పోయింది. మొన్న ఎండకు కంచె రాయి మీద ఏదో పాము పడుకుందని పక్క పొలం వాళ్ళు చెప్పారు. ఏ పామని నన్ను అడిగారు. "నాకు కనపడదు, మీరే చూసుకోండి" అన్నాను. అరవై ఏళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు.

నీ పీపాలోదాన్ని తీసుకురా. వదినవి ఆ తొమ్మిదీ కూడా తీసుకురా. ఒకసారి చేత్తో ముట్టుకుని మళ్ళీ నాడీన్‌కే ఇచ్చేస్తాను.

పట్టపగలు రా. నేను ఇంట్లో లేకపోతే ఆవు దగ్గర ఉంటాను. ఆగస్టు నుంచి ఆ కొట్టు తలుపు ఎవరూ తీయలేదు. తీసినా వెంటనే లోపలికి పోకు. లాంతరు తలుపు బయట మేకుకు తగిలించి పెట్టాను, నూనె పోశాను. వెలిగించుకో. ముందు కర్రతో తట్టు. తట్టి, చూసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టు.

అన్న